సుంకం వార్త ఎక్కడి నుంచి రాయాలి?

కేంద్ర ఆర్థిక శాఖ 2025 డిసెంబరు 30న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చే కొన్ని రకాల ఉక్కు మీద మూడేళ్లపాటు రక్షణ సుంకం ఉంటుందని అందులో ప్రకటించింది. మొదటి ఏడాది 12 శాతం, రెండో ఏడాది 11.5 శాతం, మూడో ఏడాది 11 శాతం. 200 రోజుల తాత్కాలిక సుంకం 2025 ఏప్రిల్ 21న అమల్లోకి వచ్చింది కాబట్టి మూడేళ్ల లెక్క కూడా ఆ రోజు నుంచే మొదలవుతుంది. మనకు అందిన వార్త సారాంశం రెండు ముక్కల్లో చెప్పొచ్చు: చైనా చౌక ఉక్కుకు అడ్డుకట్ట, దేశీయ పరిశ్రమకు ఊరట.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ దాన్నే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌కి తీసుకెళ్లి చదివితే ప్రశ్నలు మొదలవుతాయి. ఏ ఉక్కుకు ఊరట? ఏ మిల్లుకు? ఆ ఉక్కు కొని వస్తువులు చేసే చిన్న పరిశ్రమ సంగతేమిటి? శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రెండు మూడు తరాల కిందట వెళ్లి, అక్కడే స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలకు ఇందులో వచ్చేదేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే వాణిజ్య విధానం మీద రాసే ఆర్థిక పాత్రికేయుల పని. ఆ పని మన దేశంలో ఎవరు చేశారు, ఎక్కడ కూర్చుని చేశారు, ఇకముందు ఎక్కడి నుంచి చేయాలి అన్నవి ఇప్పుడు ఆలోచించాల్సిన విషయాలు.

ఒక ఊరు, నాలుగు లెక్కలు

రక్షణ సుంకం అంటే సేఫ్‌గార్డ్ డ్యూటీ. యాంటీ డంపింగ్ సుంకం వేయాలంటే ఎదుటి దేశపు కంపెనీ అన్యాయమైన ధరకు అమ్ముతోందని రుజువు చేయాలి. రక్షణ సుంకానికి ఆ అవసరం లేదు. దిగుమతులు హఠాత్తుగా పెరిగాయనీ, వాటివల్ల దేశీయ పరిశ్రమకు తీవ్ర నష్టం కలిగిందనీ లేదా కలగబోతోందనీ చూపితే చాలు. అందుకే ఇది తాత్కాలికం. ఏడాదికేడాది తగ్గుతూ పోవాలి. ఆ వ్యవధిలో పరిశ్రమ తనను తాను సర్దుకోవాలి.

ఇప్పటి సుంకం ఫ్లాట్ ఉత్పత్తుల మీద ఉంది. అంటే చుట్టలుగా, రేకులుగా, పలకలుగా వచ్చే ఉక్కు. భిలాయ్ కర్మాగారం చేసేవి చూడండి. రైలు పట్టాలు, భారీ స్ట్రక్చరల్స్, వైర్ రాడ్లు, కాంక్రీటులో వాడే కడ్డీలు, వీటితో పాటు ప్లేట్లు. ఈ జాబితాలో ప్లేటు ఒక్కటే సుంకం పరిధిలోకి వస్తుంది. మిగతావన్నీ పరిశ్రమ భాషలో లాంగ్ ఉత్పత్తులు. వాటికి ఈ రక్షణ లేదు. ప్లేటు విషయంలోనూ ఒక మెలిక ఉంది. తాత్కాలిక సుంకం నోటిఫికేషన్ ప్రకారం టన్ను 695 డాలర్లు, ఆపై ధరకు దిగుమతయ్యే ప్లేటుకు సుంకం వర్తించదు. అంటే గోడ కట్టింది చౌక సరకుకు మాత్రమే.

రెండో లెక్క పట్టాలది. భిలాయ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది రైలు పట్టా. 130 మీటర్ల పొడవున పట్టాను తీసి, రెండింటిని అతికించి 260 మీటర్ల ప్యానెల్‌గా పంపే కర్మాగారం అది. ఈ సరకు కొనేవాళ్లలో పెద్ద పేరు ఒక్కటే, భారతీయ రైల్వే. ధర బజారులో తేలదు. రైల్వేకు, సెయిల్‌కు మధ్య ఖర్చుల లెక్క మీద తేలుతుంది. కాబట్టి భిలాయ్‌లో ఎక్కువ మంది బతుకును తాకే వాణిజ్య విధానం దిగుమతి సుంకం కన్నా ప్రభుత్వ కొనుగోళ్ల విధానమే.

మూడోది ఆ ఊళ్లోనే ఉన్న చిన్న, మధ్యతరహా ఇంజినీరింగ్ యూనిట్లది. కర్మాగారం చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడల్లో ప్లేటు కోసి, వంచి, వెల్డింగ్ చేసి యంత్ర భాగాలు తయారుచేసేవాళ్లున్నారు. ప్లేటు ధర పెరిగితే సెయిల్‌కు ఆదాయం, వీళ్లకు ఖర్చు. పెరిగిన ధరను తమ కొనుగోలుదారు మీద మోపుదామంటే అవతలివాడు పెద్దవాడు, వీళ్లు చిన్నవాళ్లు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టుంటుంది వీళ్ల పరిస్థితి.

నాలుగోది బొగ్గు. భిలాయ్‌కి ఇనుప ఖనిజం సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చింది. కోకింగ్ బొగ్గు మాత్రం సముద్రం దాటి రావాలి. దేశం వాడుకునే కోకింగ్ బొగ్గులో 85 శాతానికి పైగా దిగుమతే. అందులో ఆస్ట్రేలియాది పెద్ద వాటా. భిలాయ్‌కి వెళ్లే బొగ్గు విశాఖ, గంగవరం రేవుల్లో దిగి రైలెక్కుతుంది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో అక్కడి బొగ్గు మీద 2.5 శాతం సుంకం పోయింది. కాన్‌బెర్రాతో కుదిరిన ఒక ఒప్పందం విశాఖ రేవు మీదుగా భిలాయ్ బ్లాస్ట్ ఫర్నేస్ ఖర్చులో చేరిందన్నమాట.

ఒకే ఊళ్లో నాలుగు లెక్కలు. ఒకటి సుంకం పెంచమంటుంది, ఒకటి తగ్గించమంటుంది, ఒకటి కొనుగోలు విధానం అడుగుతుంది, ఒకటి స్వేచ్ఛా వాణిజ్యం కోరుకుంటుంది. 'ఉక్కుకు ఊరట' అన్న ఒక్క శీర్షిక కింద ఈ నాలుగూ కలిసిపోతే పాఠకుడికి అందేది సగం సంగతే.

మన ఇంటి వార్త కూడా

ఇది ఎక్కడో ఛత్తీస్‌గఢ్ గొడవ అనుకోవడానికి లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం చేసేవి వైర్ రాడ్లు, కడ్డీలు, స్ట్రక్చరల్స్. అన్నీ లాంగ్ ఉత్పత్తులే. అంటే ఇప్పుడు వేసిన రక్షణ సుంకం జాబితాలో విశాఖ ఉక్కు సరకు లేదు. 2021 జనవరిలో వ్యూహాత్మక విక్రయానికి నిర్ణయం, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ వంటి మలుపులు చూసిన సంస్థ అది. 'దేశీయ ఉక్కుకు రక్షణ' అన్న వార్త చదివి విశాఖ కార్మికుడు సంతోషించి ఉంటే ఆ సంతోషానికి ఆధారం లేదు.

మరి ఈ సుంకం అడిగిందెవరు? ఇండియన్ స్టీల్ అసోసియేషన్ తన సభ్యుల తరఫున అర్జీ పెట్టింది. ఆ సభ్యుల్లో ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ ఇండియా, జేఎస్‌డబ్ల్యూ, జిందాల్, సెయిల్ ఉన్నాయి. వీటిలో మొదటిది అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర భారీ కర్మాగారం కట్టడానికి సిద్ధమైన సంస్థ. అంటే ఆంధ్రప్రదేశ్‌లో పాత ప్రభుత్వరంగ కర్మాగారం ఈ సుంకం గొడుగు బయట ఉంది, కొత్తగా రానున్న ప్రైవేటు సంస్థ లోపల ఉంది. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు. ఎవరి సరకు మీద దిగుమతుల ఒత్తిడి ఎక్కువో వాళ్లు అర్జీ పెట్టారు. కానీ ఈ తేడా తెలియకుండా ఉక్కు మీద చర్చ చేయడం మాత్రం చీకట్లో బాణం వేయడమే.

ఇంకో సంగతి. చైనా 2024లో 11 కోట్ల టన్నులకు పైగా ఉక్కు ఎగుమతి చేసిన మాట నిజం. ప్రపంచ ధరలను కిందికి లాగింది అదే. అయితే మన రేవుల్లో దిగే ఉక్కులో దక్షిణ కొరియా, జపాన్‌లది కూడా పెద్ద వాటా. కొరియాతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలున్నాయి. మామూలుగా ఉక్కు మీద ఉండే 7.5 శాతం సుంకం ఆ ఒప్పందాల కింద వచ్చే సరకుకు లేదు. 2024-25లో దేశం సుమారు 95 లక్షల టన్నుల ఉక్కును దిగుమతి చేసుకుంది. ఎగుమతి అందులో సగం దరిదాపుల్లోనే ఉంది. ఈ లెక్కలో చైనా ఎంత, మనం సంతకం పెట్టిన ఒప్పందాలు ఎంత అని విడదీసి చెప్పడం అంత సులువైన వార్త కాదు. అందుకే 'చైనా' అన్న ఒక్క పదంతో సరిపెట్టుకోవడం అలవాటైంది.

వాణిజ్య విధానమే కన్న ఊరు

భిలాయ్ పుట్టుకే ఒక వాణిజ్య ఒప్పందం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడికతో ఈ కర్మాగారానికి బీజం పడింది. అప్పు మీద వడ్డీ 2.5 శాతం. తిరిగి చెల్లింపు 12 వార్షిక వాయిదాల్లో, అదీ రూపాయల్లో. ఆ రూపాయలతో సోవియట్‌లు మన సరకులు కొనుక్కోవచ్చు. విదేశీ మారకం కరువుగా ఉన్న దేశానికి ఈ నిబంధన ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 25 లక్షలకు, 40 లక్షలకు, ఆధునికీకరణ తర్వాత 70 లక్షల టన్నులకు చేరింది.

ఆ తర్వాత వచ్చింది సరకు రవాణా చార్జీల సమానీకరణ. 1956 నుంచి 1992 జనవరి దాకా దేశంలో ఏ మూలకు పంపినా ఉక్కు ధర ఒకటే. దేశమంతటా పరిశ్రమలు పెరగాలన్నది ఉద్దేశం. ఫలితం ఏమిటంటే, ఉక్కు పుట్టే చోటికి ఉండాల్సిన సహజమైన అనుకూలత పోయింది. కర్మాగారం గోడ పక్కనే యూనిట్ పెట్టినవాడికీ ముంబైలో పెట్టినవాడికీ ప్లేటు ఒకే ధరకు దొరికితే గోడ పక్కన ఎందుకు పెట్టాలి? గనులున్న రాష్ట్రాల్లో గనులే మిగిలి, ఇంజినీరింగ్ పరిశ్రమ రేవు పట్టణాల వైపు, పశ్చిమం వైపు ఎందుకు పెరిగిందన్న చర్చలో ఈ విధానానిది ముఖ్య పాత్ర. సుంకం దేశ సరిహద్దు దగ్గర పనిచేస్తుంది. ఇది దేశం లోపల అదే పని చేసింది. దాని నష్టం మోసినవాళ్లు చెల్లాచెదురుగా ఉన్నారు కాబట్టి మూడున్నర దశాబ్దాలు నడిచింది.

వాణిజ్య విధానంలో ఇది పాత సూత్రం. లాభం కొద్దిమంది చేతిలో గుట్టగా పడుతుంది, వాళ్లు సంఘం పెట్టుకుని ఢిల్లీ వెళ్లి అడుగుతారు. నష్టం వేలమంది మీద చిల్లరగా పడుతుంది, వాళ్లకు తమ నష్టం పేరేమిటో కూడా తెలియదు. ఆ పేరు చెప్పగలిగిన మనిషి ఒక్కరే, పాత్రికేయుడు.

ముగ్గురు నడిచిన మూడు దారులు

ఈ రంగంలో పేరున్న ముగ్గురిని చూస్తే మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది జెనీవా దారి. చక్రవర్తి రాఘవన్ ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాకు ప్రధాన సంపాదకుడిగా పనిచేసి, ఆ తర్వాత జెనీవా చేరారు. అక్కడ 1980 నుంచి 'సన్స్' అనే బులెటిన్‌కు సంపాదకత్వం వహించారు. ఉరుగ్వే రౌండ్ చర్చలు నడుస్తుండగానే, 1990లో, 'రీకాలనైజేషన్' అనే పుస్తకం రాశారు. గ్యాట్ గదుల్లో ఏం జరుగుతోందో మూడో ప్రపంచ దేశాల వైపు నుంచి చెప్పిన పుస్తకం అది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడే నాటికి ఆ చర్చల లోతుపాతులు తెలిసిన అతి కొద్దిమంది పాత్రికేయుల్లో ఆయన ఒకరు. ఆయన పని విలువ ఒక్కచోటే ఉండి దశాబ్దాల పాటు ఒకే విషయాన్ని వెంటాడటంలో ఉంది.

రెండోది ఢిల్లీ దారి. సంజయ బారు హైదరాబాదీ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించి, చక్కెర పరిశ్రమ రాజకీయార్థికం మీద పరిశోధన చేసి, పాత్రికేయంలోకి వచ్చారు. ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్‌కు, ఆ తర్వాత బిజినెస్ స్టాండర్డ్‌కు సంపాదకులయ్యారు. మధ్యలో 2004 నుంచి 2008 దాకా ప్రధాని మన్మోహన్ సింగ్‌కు మీడియా సలహాదారు. 2017లో పారిశ్రామిక సమాఖ్య ఫిక్కీకి ప్రధాన కార్యదర్శి. వాణిజ్యాన్ని విదేశాంగ విధానంలో భాగంగా చూడాలన్నది ఆయన రచనల్లో పదే పదే కనిపించే వాదన. ఇలాంటి ప్రయాణంలో విధానం తయారయ్యే గది లోపలి నుంచి కనిపిస్తుంది. ఆ గదికి దూరంగా ఉండి చూసే అవకాశం తగ్గుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంత అవసరమన్నది ప్రతి ఆర్థిక పాత్రికేయుడూ ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోవాల్సిందే.

మూడోది విద్యావేత్తల పక్కన నడిచిన దారి. సి.రామ్మనోహర్ రెడ్డి ది హిందూలో ఆర్థిక వ్యవహారాలు రాసి, 2004 నుంచి 2016 దాకా ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ సంపాదకుడిగా ఉన్నారు. ఆ తర్వాత ది ఇండియా ఫోరం నడుపుతున్నారు. నిన్నటి నోటిఫికేషన్‌ను ఇరవై ఏళ్ల చరిత్ర పక్కన పెట్టి చూడటం, గణాంకం ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం ఈ దారి లక్షణం.

మూడూ విలువైనవే. అయితే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి రెండు. ముగ్గురూ ప్రధానంగా రాసింది ఇంగ్లిషులో. ముగ్గురూ పనిచేసింది నిర్ణయం జరిగే చోటో, నిర్ణయాన్ని విశ్లేషించే చోటో. నిర్ణయం వచ్చి తగిలే చోటు నుంచి రాసే నాలుగో దారి దాదాపు ఖాళీగా ఉంది.

జెనీవా తలుపు మూసుకున్నాక

ఈ నాలుగో దారి ఇప్పుడే ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఒక ఉక్కు కేసు చూడాలి. అందులో ఛత్తీస్‌గఢ్ ఖనిజం ఉంది, హైదరాబాద్ సంస్థ ఉంది.

ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన బైలడిల్లాలో ఇనుప ఖనిజం తవ్వుతుంది. ఈ ప్రభుత్వ సంస్థ మన ఉక్కు కంపెనీలకు ఖనిజాన్ని తక్కువ ధరకు ఇస్తోందని, అది సబ్సిడీయేనని అమెరికా వాదించింది. ఆ వాదన మీద మన హాట్ రోల్డ్ ఉక్కుకు అదనపు సుంకం వేసింది. భారత్ 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. ప్రభుత్వానికి వాటా ఉన్నంత మాత్రాన ఒక సంస్థ ప్రభుత్వ అధికారం చలాయించే సంస్థ అయిపోతుందా అన్నది అసలు ప్రశ్న. 2014 డిసెంబరులో అప్పిలేట్ బాడీ ఇచ్చిన తీర్పులో ఈ అంశం మీద అమెరికాకు అనుకూలంగా ప్యానెల్ తేల్చిన మాటను కొట్టేసింది. అమెరికా లెక్కలు సవరించింది. అవీ సరిగా లేవని భారత్ మళ్లీ వెళ్లింది. 2019 నవంబరులో రెండో ప్యానెల్ నివేదిక వచ్చింది. డిసెంబరు 18న అమెరికా అప్పీలు చేసింది.

అప్పీలు వినేవాళ్లు మాత్రం అప్పటికి లేరు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికాయే అడ్డుకుంటూ రావడంతో డిసెంబరు 11 నాటికి అప్పిలేట్ బాడీ పనిచేయలేని స్థితికి చేరింది. న్యాయమూర్తులు లేని కోర్టులో అప్పీలు వేసినట్టయింది. చివరికి 2023 జూన్‌లో ప్రధాని అమెరికా పర్యటన సందర్భంగా రెండు దేశాలూ ఆరు వివాదాలను ఒకేసారి ముగించుకున్నాయి. వాటిలో ఇదీ ఒకటి. పదకొండేళ్ల న్యాయపోరాటం దౌత్యంతో ముగిసింది.

అప్పటి నుంచి వాణిజ్య విధానం చిరునామా మారింది. అమెరికా ఉక్కు మీద 2018 మార్చిలో 25 శాతం సుంకం వేసింది. 2025 మార్చిలో మినహాయింపులన్నీ తీసేసింది. జూన్ 4 నుంచి దాన్ని 50 శాతం చేసింది. యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి ప్రవేశించింది. మన ఉక్కు శాఖ 2025 జూన్ 13న నాణ్యతా ప్రమాణాల మీద కొత్త ఆదేశం ఇచ్చి, తయారైన ఉక్కుకే కాక దానికి వాడిన ముడి ఉక్కుకు కూడా బీఐఎస్ ప్రమాణం ఉండాలంది. ఇవేవీ జెనీవా చర్చల్లో పుట్టినవి కావు. రాజధానుల్లో సంతకమైన ఉత్తర్వులు. వీటికి ముందస్తు చర్చ తక్కువ, వాటి ఫలితం మాత్రం వెంటనే కనిపిస్తుంది. ఆ ఫలితాన్ని చూసేది కర్మాగారమున్న ఊళ్లోనే.

2018: ఒకే ఊరు, అయిదు వార్తలు

భిలాయ్‌కి సంబంధించి ఒక్క ఏడాదిని తీసుకుంటే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 2018 మార్చిలో అమెరికా ఉక్కు సుంకం వచ్చింది, అది అంతర్జాతీయ పేజీ వార్త. జూన్ 14న ప్రధాని మోదీ ఆధునికీకరించిన భిలాయ్ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు, అది రాజకీయ వార్త. జులైలో రైల్వే పట్టాల టెండరులో సుమారు 97 వేల టన్నుల ఆర్డరు జిందాల్ స్టీల్‌కు దక్కింది, అది బిజినెస్ పేజీ వార్త. అక్టోబరు 9న భిలాయ్ కోక్ ఓవెన్ విభాగంలో గ్యాస్ పైపులైను దగ్గర ప్రమాదం జరిగి పది మందికి పైగా చనిపోయారు, అది ప్రమాద వార్త. నవంబరు 6న జపాన్ వేసిన కేసులో మన పాత ఉక్కు రక్షణ సుంకాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ తప్పుపట్టింది. అది వార్తగా చదివినవాళ్లే తక్కువ.

ఈ అయిదింటి మధ్య కార్యకారణ సంబంధం ఉందనడం అతిశయోక్తి. ప్రమాదానికి సుంకం కారణం కాదు. అయితే అయిదూ ఒకే సంస్థ బతుకులోని అయిదు పార్శ్వాలు. పట్టాల టెండరునే చూడండి. దశాబ్దాలుగా రైల్వేకు పట్టాలు ఇస్తూ వచ్చింది భిలాయే. అడిగినన్ని ఇవ్వలేకపోవడంతో రైల్వే గ్లోబల్ టెండరు పిలిచింది. అదే సమయంలో, 2017 మేలో, ప్రభుత్వ కొనుగోళ్లలో దేశీయ ఉక్కుకే ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానాన్ని కేంద్రం తెచ్చింది. ఒక శాఖ ప్రపంచ మార్కెట్ వైపు చూస్తోంది, ఇంకో శాఖ స్వదేశీ అంటోంది. చివరికి ఆర్డరు దక్కిన కంపెనీ పట్టాల మిల్లు ఉన్నది రాయ్‌గఢ్‌లో, అదే ఛత్తీస్‌గఢ్‌లో. విదేశీ పోటీ గురించి మొదలైన కథ ప్రభుత్వరంగ, ప్రైవేటు రంగాల పోటీగా ముగిసింది. ఈ కథను పూర్తిగా చెప్పాలంటే రైల్వే భవన్, ఉక్కు శాఖ, సెయిల్ లెక్కల పుస్తకం, భిలాయ్ మిల్లు, రాయ్‌గఢ్ మిల్లు అన్నీ తిరగాలి. అయిదు పేజీల్లో అయిదుగురు విలేకరులు విడివిడిగా రాస్తే ఆ కథ ఎవరికీ కనిపించదు.

ప్రమాదం కూడా వాణిజ్య విధానం ప్రశ్నల బయట లేదు. రక్షణ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం చెప్పే కారణం పరిశ్రమ నిలదొక్కుకోవాలని. నిలదొక్కుకోవడం అంటే ఏమిటి? పెరిగిన ధరతో వచ్చిన డబ్బు పాత పైపులైన్ల మరమ్మతుకు పోయిందా, అప్పుల చెల్లింపుకు పోయిందా, డివిడెండుగా పోయిందా? పర్మినెంట్ ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు కార్మికులు పెరిగిన కర్మాగారంలో సుంకం ఫలం ఎవరి చేతికి అందింది? ఈ ప్రశ్న అడగకుండా సుంకాన్ని మెచ్చుకోవడమో తిట్టడమో చేస్తే అది సిద్ధాంత చర్చే అవుతుంది.

నాలుగో దారికి కావలసిన సరంజామా

ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. కావలసినవి ఎక్కువభాగం బహిరంగంగానే ఉన్నాయి. కస్టమ్స్ టారిఫ్‌లో 72వ అధ్యాయం ఇనుము, ఉక్కుకు సంబంధించింది. 73వ అధ్యాయంలో 7302 సంఖ్య కింద రైలు పట్టాలున్నాయి. ఒక నోటిఫికేషన్‌లో ఏ సంఖ్యలు ఉన్నాయో, ఏవి లేవో చూస్తే సగం వార్త బయటపడుతుంది. విశాఖ, భిలాయ్ లాంగ్ ఉత్పత్తులు సుంకం బయట ఉన్నాయన్న సంగతి తెలిసేది అక్కడే. డీజీటీఆర్ విచారణల్లో అర్జీ పెట్టినవాళ్ల వాదన, వ్యతిరేకించిన వాడకందార్ల వాదన, రహస్యం కాని మేరకు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఉక్కు ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి అంకెలను కోల్‌కతాలోని జాయింట్ ప్లాంట్ కమిటీ నెలనెలా ఇస్తుంది. సెయిల్ త్రైమాసిక ఫలితాలు, పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలు ఎలాగూ ఉన్నాయి.

దొరకనిది ఊళ్లోని సమాచారం. చిన్న యూనిట్ యజమాని ప్లేటు ఎంతకు కొంటున్నాడు, కాంట్రాక్టు కార్మికుడికి నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతోంది, మిల్లు ఎన్ని రోజులు ఆగింది అన్నవి ఏ వెబ్‌సైట్లోనూ ఉండవు. ఇవి తెలియాలంటే అక్కడి మనుషులు మాట్లాడే భాష రావాలి. భిలాయ్‌లో అది హిందీ, ఛత్తీస్‌గఢీ, దాంతో పాటు తెలుగు. విశాఖలో తెలుగు, ఒడియా. అందుకే ఈ పని ప్రాంతీయ భాషల పాత్రికేయులకే ఎక్కువ వీలు. వాళ్లకు దక్కని ఒకే ఒక్కటి, అధ్యాయం 72 చదివే తీరిక.

ఆ తీరిక ఇవ్వకపోవడానికి సంస్థల కారణాలు సంస్థలకున్నాయి. జిల్లా విలేకరికి రోజూ వార్తల కోటా ఉంటుంది. బిజినెస్ డెస్కుకు ఏజెన్సీ కాపీ తర్జుమా చేయడమే సరిపోతుంది. ప్రకటనలిచ్చే కంపెనీలే సుంకాలు అడిగే కంపెనీలు కూడా. వీటన్నిటికీ మించి, వాణిజ్యం ఇంగ్లిషు పత్రికల సొత్తు, తెలుగు పాఠకుడికి బంగారం ధర చెబితే చాలు అన్న అపోహ ఒకటి పాతుకుపోయింది. చేపల చెరువు రైతు అమెరికా రొయ్యల సుంకం గురించి, మిర్చి రైతు చైనా కొనుగోళ్ల గురించి, నిజామాబాద్ పసుపు రైతు ఎగుమతి ధర గురించి ఎంత వివరంగా మాట్లాడతారో విన్నవాళ్లెవరూ ఆ అపోహను నమ్మరు. పాఠకుడు సిద్ధంగానే ఉన్నాడు. అతనికి రాసేవాళ్లే కరువయ్యారు.

2028 ఏప్రిల్ దాకా

ఇప్పటి సుంకం 2028 ఏప్రిల్‌లో ముగుస్తుంది. అది దగ్గరపడే కొద్దీ పొడిగించాలని ఒక వర్గం, వద్దని ఇంకో వర్గం ఢిల్లీలో వాదిస్తాయి. పొడిగించాలనేవాళ్ల దగ్గర కన్సల్టెంట్లు తయారుచేసిన నివేదికలుంటాయి. వద్దనేవాళ్లలో పెద్ద ఎగుమతిదారుల మాట కొంత వినిపిస్తుంది. భిలాయ్ ప్లేటు కొనే చిన్న యూనిట్‌కు, సుంకం గొడుగు బయట ఉన్న విశాఖ రాడ్ మిల్లుకు, రెండు ఊళ్లలోని కాంట్రాక్టు కార్మికుడికి నివేదిక రాసిపెట్టేవాళ్లు ఉండరు.

ఆ లోపు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సుంకం వచ్చాక ప్లేటు ధర ఎంత పెరిగింది, ఎన్నాళ్లు నిలిచింది? రక్షణ కోరిన కంపెనీలు సర్దుబాటు పేరుతో ఏ మిల్లులో ఏం మార్చాయి? ఫ్లాట్ ఉక్కుకు ఇచ్చిన గొడుగు లాంగ్ ఉక్కుకు అవసరమా, అవసరమైతే విశాఖ తరఫున ఆ అర్జీ ఎవరు పెట్టాలి? కార్బన్ పన్ను యూరప్ నుంచి మన దాకా వస్తే బ్లాస్ట్ ఫర్నేస్ మీద నడిచే ఊళ్ల భవిష్యత్తేమిటి? మూడేళ్లపాటు నెలకు ఒక్కసారి ఈ ప్రశ్నలు పట్టుకుని భిలాయ్‌లోనో, విశాఖలోనో తిరిగి రాసే విలేకరి ఉంటే 2028లో జరిగే వాదనలో ఊరి లెక్క కూడా ఒకటి బల్ల మీద ఉంటుంది. లేకపోతే అర్జీదారులు తెచ్చిన లెక్కే లెక్క.